కడుపులో దొరికిన దవడ

మా జంతువును తల్లిని చేశారు. రెండేళ్ళు దాని ముందు మెడ వంచుకుని కూర్చున్నదాన్ని నేను, నన్ను ఒక్క మాట అడగలేదు. అడగకపోతే పోనీ, చెప్పింది తప్పు. తప్పని తెలిసి మరీ చెప్పారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. కాబట్టి చల్లగా, నెమ్మదిగా చెప్పమంటే నా వల్ల కాదు.

నేను పనిచేసేది మ్యూజియంలో, కింద నేలమాళిగలో. పైన హాళ్ళలో అద్దాల పెట్టెలు, మెత్తటి దీపాలు, పరిగెత్తకూడదని పిల్లలకు బోర్డులు. కింద నాకు ఒక బల్ల, ఒక మైక్రోస్కోప్, దుమ్ము పీల్చే గొట్టం, ఇసుక సంచులు, గాలితో కొట్టుకునే సూది. రాళ్ళలో ఇరుక్కుపోయిన ఎముకలను బయటికి తీయడం నా ఉద్యోగం. ఆ సూది చూడడానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. నిమిషానికి కొన్ని వేలసార్లు కొట్టుకుంటుంది. దాని మొనతో ఎముక చుట్టూ ఉన్న రాయిని పొడి పొడిగా రాలగొట్టాలి. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి జారితే కోట్ల ఏళ్ళు దాక్కున్న ఎముక నా చేతిలో పోతుంది. ఒక్కోసారి రోజంతా కూర్చున్నా గోరంత మేర శుభ్రమైతే గొప్ప. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మ్యూజియంలో నన్ను అందరూ సూదమ్మ అంటారు. నా అసలు పేరు ఆఫీసులో గుమాస్తాకైనా గుర్తుందో లేదో అనుమానమే.

మా పనికి రెండు నియమాలున్నాయి. ఎముక మీద మేం ఏది పూసినా, ఏది అతికించినా, తర్వాత తీసేయడానికి వీలయ్యేదే వాడాలి, వాడినట్టు పుస్తకంలో తేదీ వేసి రాయాలి. జిగురు ఒక్క చుక్క వేసినా రాయాల్సిందే. రేపెప్పుడో ఎవరో వచ్చి చూస్తే ఏది ఎముకో, ఏది మా పూతో వాళ్ళకు తెలియాలి కదా. ఈ నియమానికి నేను రెండు చేతులా దండం పెడతాను. ఇంకో నియమం ఏ పుస్తకంలోనూ లేదు, మా పెద్దసారు పెట్టుకున్నది. రాయి తీయడం నా పని, ఎముకకు పేరు పెట్టడం ఆయన పని. అది ఏ జంతువుదో, ఏ భాగమో నాకు తెలిసినా పైకి అనకూడదు. నా పుస్తకంలో కూడా 'ఎడమ పక్క మూడు మిల్లీమీటర్లు శుభ్రం చేశాను' అని రాయాలి తప్ప 'పక్కటెముక కనిపించింది' అని రాయకూడదు. మొదట్లో రాస్తే ఎర్రసిరాతో కొట్టేశారు. తర్వాత నేనే మానేశాను.

పెద్దసారంటే మ్యూజియానికి అధిపతి. ఎముకల చదువులో ఆయనకున్న డిగ్రీలు రాయాలంటే తలుపు మీద పలక చాలక కింద ఇంకో ముక్క అతికించారు. గొంతు ఎప్పుడూ పెంచరు. ఊడ్చే ఆమె దగ్గర్నుంచి మంత్రిగారి భార్య వరకూ అందరినీ 'అమ్మా' అంటారు. అలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. నేను కష్టపడ్డాను.

ఇక మా జంతువు. డైనోసార్లు తిరుగాడిన కాలంలో పాలిచ్చే జంతువులన్నీ ఎలుకల్లా కలుగుల్లో దాక్కుని, రాత్రుళ్ళు పురుగులు ఏరుకుని తిన్నాయని చాలామంది అనుకుంటారు. ఇది అలాంటిది కాదు. ఎదిగిన కుక్కంత ఉంటుంది. పొట్టి కాళ్ళు, బరువైన ఒళ్ళు, వెడల్పాటి తల. దవడ అయితే చెప్పక్కర్లేదు, కొరికితే వదిలే రకం కాదు. ముందుపళ్ళు ముందుకు పొడుచుకొచ్చి, మొనదేలి ఉంటాయి. రాతి పలకలో ఒక పక్కకు తిరిగి, తిన్నది అరిగేదాకా కాసేపు నడుం వాల్చినట్టు పడుకుని ఉంది. పన్నెండు కోట్ల ఏళ్ళయినా ఆ పడుకున్న తీరులో ఒక ధీమా ఉంది. నాకు దాని మీద మనసు పడిపోయింది. మా ఆయన మీద కూడా అంత తొందరగా పడలేదు.

పలక నా బల్ల మీదికి రాకముందే పెద్దసారు దాన్ని ఎక్స్‌రే తీయించారు. కడుపు ఉండే చోట చిన్న చిన్న ఎముకలు కుప్పగా కనిపించాయి. ఆయన ఆ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని అరగంట చూసి, "పిల్లలమ్మా! కడుపుతో ఉంది!" అన్నారు. వారం తిరక్కుండా పేపర్లో పడింది. ఇలాంటి జంతువులు లోకంలో వేరేచోట్ల ముందే దొరికాయి. ఒకదాని కడుపులో డైనోసార్ పిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. అంటే వేటగత్తెగా మాది రెండోదో మూడోదో అవుతుంది. కడుపుతో ఉన్న తల్లి అయితే మొదటిది అవుతుంది. తేడా అంతే. ఆ తేడా కోసం ఆయన రాతిలో ఇంకా ఉన్న ఎముకలకు పుట్టుక కూడా జరిపించేశారు.

అప్పట్నుంచి మ్యూజియంలో ఎటు చూసినా 'తొలి తల్లి'. గోడల మీద 'తొలి తల్లి', టిక్కెట్ల మీద 'తొలి తల్లి', నీళ్ళ సీసాల మీద కూడా. హాలు మధ్యలో పెట్టడానికి అసలు జంతువంత బొమ్మ ఒకటి చేయమని మా బావకు పురమాయించారు.

మా బావంటే మా అక్క మొగుడు. మ్యూజియంలో బొమ్మలు చేసేది ఆయనే. తీగ కట్టి, ప్లాస్టర్ పోసి, బొచ్చు అంటించి, చచ్చిన జంతువును లేచి నడుస్తుందా అన్నట్టు నిలబెడతాడు. నాకు ఈ ఉద్యోగం చూపించింది కూడా ఆయనే. ఇంట్లో బావా మరదళ్ళం, పనిలో పక్కపక్క గదులవాళ్ళం. ఆయన వేళాకోళాలకు అంతుండదు. నా మీద ఎవరైనా తుమ్మితే అక్కకన్నా ముందు ఆయనే పరిగెత్తుకొస్తాడు. బొమ్మకు ఐదు నెలలు పట్టింది. ఒక పక్కకు పడుకుని, తల వంచి, రెండు పిల్లలకు పాలిస్తున్న తల్లి. కళ్ళు ఎంత తియ్యగా చేశాడంటే చూసినవాళ్ళకు వాళ్ళ అమ్మ గుర్తొచ్చి ముక్కు చీదుకునేవారు. నేనూ చీదాను, అబద్ధం ఎందుకు.

ప్రారంభం సోమవారం అనగా, ముందు బుధవారం నాడు నేను పలకలో ఆఖరి భాగం మీద ఉన్నాను. కడుపు దగ్గరి కుప్ప. ముందు ఒక తొడ ఎముక బయటపడింది. మధ్యకు విరిగి ఉంది. రాతి బరువుకు నలిగితే ఎముక చితుకుతుంది, ఇది కొరికినట్టు తెగి ఉంది. దాని కింద చిన్న దవడ, నా చిటికెనవేలి గోరుకన్నా కాస్త పెద్దది. దవడలో వరసగా పళ్ళు. ఆకుల్లాంటి పళ్ళు, అంచుకు గీతలు. తల్లి నోట్లో ఉన్న పళ్ళకూ వీటికీ పోలికే లేదు. ఇరవై రెండేళ్ళలో డైనోసార్ల పళ్ళు ఎన్ని శుభ్రం చేసి ఉంటానో లెక్కలేదు. ఇది ఆకులు తినే డైనోసార్ పిల్ల దవడ అని చూసిన క్షణంలోనే తెలిసింది. అయినా నన్ను నేనే నమ్మకుండా మైక్రోస్కోప్ దగ్గరికి తిప్పాను. పళ్ళ కొసలు నున్నగా అరిగి ఉన్నాయి. అంటే అది బతికి, తిరిగి, నమిలి నమిలి పళ్ళు అరగదీసుకున్నాక ఈ కడుపులోకి వచ్చింది. బిడ్డగా రాలేదు, భోజనంగా వచ్చింది.

సూది ఆపేసి, కెమెరా తెచ్చి దవడకు నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసుకున్నాను. 

ఇంటికెళ్ళేసరికి మా అత్తగారు టీవీ ముందు కూర్చుని ఉంది. ఆవిడ ముప్పై ఏళ్ళు పురిటి వార్డులో నర్సుగా చేసింది. మా వీధిలో సగంమందిని మొట్టమొదట తలకిందులుగా పట్టుకున్నది తనేనని ఆవిడ గొప్ప.

"ఏమే, మొహం అలా వేలాడేసుకొచ్చావు?" అంది.

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను చెప్పండి. కడుపులో ఉన్న బిడ్డకు పళ్ళుంటాయా?"

"చిగుళ్ళ లోపల ఉంటాయి. ఎప్పుడో ఒకరు పన్నుతోనే పుడతారు. నా చేతుల మీద ఇద్దరు పుట్టారు. ఏం?"

"ఆ పళ్ళు అరిగి ఉంటాయా?"

టీవీ గొంతు తగ్గించి నావైపు తిరిగింది. "అరిగా? నమిల్తే కదే అరిగేది! కడుపులో కూర్చుని ఏం నమిలిందట, నా తలకాయా?"

"మా పెద్దసారు బిడ్డే అంటున్నారు."

"మీ సారుకు పిల్లలున్నారా?"

"ఇద్దరు."

"పాపం, వాళ్ళావిడ ఒక్కతే కనేసినట్టుంది," అని మళ్ళీ టీవీ గొంతు పెంచింది.

మర్నాడు పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్ళి కిందికి రమ్మని బతిమాలాను. పాపం, వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మైక్రోస్కోప్ మీద వంగారు. నేను పక్కన నిలబడి, నోరు మూసుకుని, ఆయనే పేరు పెట్టాలని ఎదురుచూశాను. ఎంతసేపు చూశారో! ఆయన కాలి బూటు మాత్రం నేల మీద మెల్లగా ఆడుతూనే ఉంది.

"చక్కగా తీశారమ్మా," అన్నారు చివరికి.

"సార్, అవి డైనోసార్ పళ్ళు. అరిగి ఉన్నాయి."

"తెలుసమ్మా."

"చూశారుగా, ఇప్పుడు..."

"ఇప్పుడు కాదు. పోయిన నెలలో ఎక్స్‌రే ఇంకోసారి చూశాను. అప్పుడే తెలుసు."

 తెలియక చేశారనుకుని నేను రాత్రంతా ఆయన మీద జాలిపడ్డాను! చెబితే మనిషి ఎంత నొచ్చుకుంటారో, ఎలా చెప్పాలో అని మాటలు కూడబలుక్కున్నాను!

"మరి, తెలిసి కూడా..." అన్నాను.

"సోమవారం మంత్రిగారు వస్తున్నారు. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. జనం ఒక తల్లిని చూద్దామని ఎదురుచూస్తున్నారు. వాళ్ళకిప్పుడు, అది తల్లి కాదు, పసిదాన్ని పట్టుకు తిన్న జంతువు అని చెబితే ఏం బావుంటుందమ్మా? తర్వాత మెల్లగా సవరించుకుందాం." గొంతు ఒక్క మెట్టయినా పెరగలేదు. "మీరు చేయాల్సింది చిన్న పని. ఆ దవడ మీద, విరిగిన ఎముక మీద కాస్త రాయి రంగు పూత వేసేయండి. మీ చెయ్యి పడితే ఎవరూ కనిపెట్టలేరు."

"పుస్తకంలో ఏమని రాయమంటారు?"

"రాయక్కర్లేదు."

 ఇక నేను ఆగలేదు. "మీరు రాసివ్వండి సార్. 'డైనోసార్ పిల్ల దవడను కప్పేయమని నేనే చెప్పాను' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. ఈ నిమిషంలో పూస్తాను."

ఆయన నవ్వారు. చిన్నపిల్ల పేచీ పెడితే నవ్వినట్టు. "పేర్లు పెట్టడం మీ పని కాదమ్మా," అని నా భుజం తట్టి పైకి వెళ్ళిపోయారు.

ఆ తట్టిన భుజాన్ని సబ్బు పెట్టి కడుక్కోవాలనిపించింది. దొంగతనం చేసేవాడికైనా కొంచెం బెదురు ఉంటుంది. ఈయనకు అదీ లేదు. ఆ జంతువు తన చివరి భోజనాన్ని పన్నెండు కోట్ల ఏళ్ళు కడుపులో దాచుకుని తెచ్చి మా చేతికిచ్చింది. డైనోసార్లకు భయపడి బతికాయని మనం జాలిపడే ఆ కాలపు పాలిచ్చే జంతువుల్లో, డైనోసార్‌నే పట్టి తిన్నది ఒకటి ఉందని రుజువు అది. దాని పొగరు, దాని కష్టం, దాని ఆకలి, అన్నీ ఆ గోరంత దవడలో ఉన్నాయి. దాన్ని పిండి పూసి కప్పేసి, మెడలో ఒక బోర్డు కట్టి, అమ్మా అని పిలుస్తారట. తల్లి అంటే నాకేం చేదు? నేనూ తల్లినే. కానీ తల్లి అనే మాట పెడితే ఇక ఎవరూ నోరెత్తరన్న ధైర్యంతో ఆ మాటను వాడుకోవడం ఉంది చూశారూ, అక్కడే నా కడుపు మండింది.

శనివారం పొద్దున్న బావ నా గదికి వచ్చాడు. చేతిలో గిన్నె, రంగు పొడుల డబ్బాలు. చూడగానే అర్థమైంది.

"ఏం మరదలా, నీ మైక్రోస్కోప్‌లో పెట్టి చూస్తే నా అందం ఇంకెంత పెరుగుతుందో!" అన్నాడు. నవ్వు మొహానికి అతకలేదు.

"ఆ గిన్నె ఎందుకు తెచ్చావు బావా?"

"సారు చెప్పారు. నువ్వు మొండికేశావట కదా."

"చూసి మాట్లాడు. ముందు చూడు."

వద్దంటున్నా తల పట్టుకుని మైక్రోస్కోప్ మీదికి వంచాను. బావకు చదువు లేదు గానీ కన్ను ఉంది. ముప్పై ఏళ్ళు జంతువుల ఒళ్ళు చేత్తో తడిమి తడిమి బొమ్మలు చేసినవాడు. ఎంతో సేపు పట్టలేదు.

"ఇది దాని పిల్ల కాదు," అన్నాడు.

"కాదు."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాకు ముందే అనుమానం ఉందే. బొమ్మకు తల చేసేటప్పుడు అసలు పుర్రె కొలతలే తీసుకున్నాను. ఆ దవడ పెడితే మొహం తల్లిలా రాదు. ఎంత మెత్తగా చేద్దామన్నా ఇప్పుడే లేచి కరిచేలా ఉంది. సారు చూసి, ముందుపళ్ళు పిల్లలు జడుసుకుంటారన్నారు. ఆకురాయి పెట్టి అరగదీశాను. దవడ పక్కన బొచ్చు దట్టంగా అంటించి కప్పేశాను. చేస్తున్నంతసేపూ చేతికి తెలుస్తూనే ఉంది."

"తెలిసి ఎందుకు చేశావు?"

"నువ్వు మాత్రం?" అన్నాడు. తర్వాత తనే సర్దుకుని, "పెద్దసారు చెప్పారు కదా, పెద్ద చదువు కదా అనుకున్నాను," అన్నాడు.

"సరే. ఇప్పుడు తెలిసింది కదా. గిన్నె తీసుకుని వెళ్ళిపో."

బావ లేవలేదు. గిన్నెలో పొడి కలుపుతూ కూర్చున్నాడు. కాసేపటికి, నావైపు చూడకుండా చెప్పాడు. "ముప్పై ఒక్క ఏళ్ళయింది నేను ఇక్కడ చేరి. పైన ఉన్న బొమ్మల్లో సగం నావే. ఒక్కదాని కిందయినా నా పేరుందా? ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాను. ఈసారి బోర్డు మీద పేరు వేస్తామన్నారు. వేశారు కూడా. చూసొచ్చాను. ఇత్తడి మీద చెక్కారే, పెయింటు కాదు. మీ అక్కకు కూడా ఇంకా చెప్పలేదు, సోమవారం తీసుకొచ్చి చూపిద్దామని."

నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది. "నీ పేరు ఎక్కడానికి దాని బతుకును చెరిపేస్తావా?"

"చచ్చినదానికి ఏం తెలుస్తుంది?"

"బతికున్న నీకు తెలుస్తుంది కదా బావా!"

"నీకేం, కోపంతోనైనా బతికేస్తావు. నాకు కోపం రాదే. నాకు వచ్చిందల్లా ఈ చేతిపనే," అన్నాడు. గరిటె తీశాడు.

చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. ఆపలేదు. ఏ జిగురుతో కలిపావని మాత్రం అడిగాను. "నీదే. అసిటోన్ రాస్తే పోయేదే. మరీ అంత దుర్మార్గుణ్ణి కాదులే," అన్నాడు. పావుగంటలో దవడ లేదు, విరిగిన ఎముక లేదు. ఆయన పనితనం ఎంత గొప్పదంటే ఎక్కడ ఎముక ఆగిందో, ఎక్కడ పూత మొదలైందో నాకే తెలియలేదు. గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూలీలు వచ్చి పలకను హాల్లోకి మోసుకెళ్ళారు.

నేను పుస్తకం తీసి ఉన్నదున్నట్టు రాశాను. డైనోసార్ పిల్ల దవడ, దాని పళ్ళ సంఖ్య, అరుగుదల, పూత, పూసినదెవరు, పూయమన్నదెవరు. ఆ ఎర్రసిరా గీతలు పడ్డాక ఎముకకు పేరు పెట్టడం అదే మొదటిసారి. రాశాక పాత పేజీలు తిరగేశాను. ఎనిమిది నెలల కిందటి పేజీలో నా రాత కనిపించింది. 'కుడి పక్క రెండు మిల్లీమీటర్లు. గట్టి భాగం తగిలింది.' గట్టి భాగమట! అది పన్ను. కుప్పలోంచి విడిగా పడి ఉన్న ఒక పన్ను. ఆకులాంటి పన్ను. ఆ రోజే నేను చూశాను, ఆ రోజే నాకు తెలుసు. పేరు పెట్టడం నా పని కాదని పైన సన్నటి కాగితం కప్పి పక్కకు జరిగాను. బావ అప్పటికి బొమ్మకు తీగ కూడా కట్టలేదు. ఆ రోజు నేను నోరు విప్పి ఉంటే ఆయన ఈ శనివారం గిన్నె పట్టుకుని వచ్చేవాడు కాదు. 'నువ్వు మాత్రం' అన్నాడే, ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. పెద్దసారు మీద కోపం ఒకటి, బావ మీద ఒకటి అనుకున్నాను. ఇప్పుడు మూడోది కూడా వచ్చి కూర్చుంది, నా మీద.

సోమవారం ఏడున్నరకల్లా హాల్లో ఉన్నాను. పది గంటలకు ప్రారంభం. పలక అద్దాల పెట్టెలో ఉంది, పైమూత ఇంకా బిగించలేదు. అసిటోన్ సీసా, దూది, మెత్తటి కుంచె తెచ్చుకున్నాను. దూదిని తడిపి అద్దుతూ, తుడుస్తూ, మళ్ళీ అద్దుతూ పోయాను. ముందు తొడ ఎముక తెగిన అంచు కనిపించింది. తర్వాత దవడ. తర్వాత ఒక్కో పన్ను. ముప్పావుగంట పట్టింది. శుభ్రం చేశాక కాసేపు చూస్తూ నిలబడ్డాను. పక్కనే బావ చేసిన తల్లి, నెత్తిన గుడ్డ కప్పుకుని పడుకుని ఉంది.

పెద్దసారు కొత్త కోటు వేసుకుని వచ్చారు. చూశారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే నేనూ అరవడానికి సిద్ధంగా ఉన్నాను, గొంతులో అన్నీ పేర్చుకుని ఉన్నాను.

"మీరు బాగా అలిసిపోయారమ్మా," అన్నారు. వెనక్కి తిరిగి కూలీలను పిలిచి, "ఈ పలక మీద పరిశోధన ఇంకా పూర్తి కాలేదు, కిందికి తీసుకెళ్ళండి," అన్నారు.

అంతే. పది నిమిషాల్లో పలక కిందికి వెళ్ళిపోయింది. అద్దాల పెట్టెను కూడా తీసేశారు. ఆ ఖాళీలో ఎక్స్‌రే ఫోటో పెద్దది చేసి పెట్టారు. నేనేదో కొండను బద్దలుకొట్టినట్టు ఊహించుకున్నాను గానీ, అసలు ఎముకలు అక్కడ లేవన్న సంగతి వచ్చినవాళ్ళలో ఒక్కరూ గమనించలేదు. బొమ్మ ఉంది కదా! మంత్రిగారు బొమ్మ తల నిమిరారు. ఫోటోలు తీశారు. పెద్దసారు మాతృత్వం గురించి పావుగంట మాట్లాడారు. మా అక్క ఇత్తడి బోర్డు మీద బావ పేరు చదువుకుని కళ్ళు తుడుచుకుంది. బావ ఆమె పక్కన నిలబడి నేల చూస్తూ ఉన్నాడు.

పలకను బీరువాలో పెట్టి తాళం వేశారు, తాళం చెవి పెద్దసారు దగ్గర. నేను ముందే తీసుకున్న ఫోటోలను మూడు మ్యూజియాలకు పంపాను. ఒకరు పరిశీలిస్తామన్నారు. ఒకరు నా డిగ్రీ ఏమిటని అడిగారు. మూడోవాళ్ళు, ఇలాంటివి మీ పెద్దసారు ద్వారా పంపడం పద్ధతి అని మర్యాదగా రాశారు. చదివి కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టాను. మళ్ళీ రాస్తూనే ఉన్నాను, ఇంకో ఐదు చోట్లకు. బదులు వచ్చేదాకా రాస్తాను.

బావతో నేను మాటలు మానేశాను. మూడు వారాలు పోయాక ఒకరోజు ఆయనే కిందికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. స్టూలు మీద కూర్చుని, "ఒక అర్జీ రాసిపెట్టవే. నా రాత సారుకు అర్థమవుతుందో లేదో," అన్నాడు.

"ఏమని?"

"బోర్డు మీద నా పేరు తీసేయమని."

అక్కడికక్కడే రాసిచ్చాను. పెద్దసారు దాన్ని చదివి, బావను పిలిపించి, చెయ్యి పట్టుకుని, "ఇంత వినయం ఎందుకండీ, మీరు కళాకారులు," అన్నారట. రెండోసారి ఇంకాస్త గట్టిగా రాశాం. అది తప్పుడు బొమ్మ కాబట్టి నా పేరు వద్దని. దానికి జవాబుగా బావ పనితనాన్ని మెచ్చుకుంటూ ఒక ప్రశంసాపత్రం వచ్చింది. మూడోసారి రాస్తే, బోర్డు వివరాలు రిజిస్టరులోకి ఎక్కాయి, ఇక మార్చడం కుదరదని ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. పేరు వేయమని ముప్పై ఒక్క ఏళ్ళు అడిగితే వేయని మనుషులు, తీయమంటే తీయరట! నేను చీటీ పట్టుకుని పైకి పోయి గుమాస్తా మీద విరుచుకుపడ్డాను. పాపం అతనేం చేస్తాడు, నీళ్ళు నమిలాడు.

ఈ లోపు జనం నిమిరి నిమిరి బొమ్మ ఎడమ చెవి అరగ్గొట్టారు. బొచ్చు ఊడి లోపలి ప్లాస్టర్ తేలింది. రిటైరవడానికి వారం ముందు దాన్ని బాగుచేయమని బావకు చెప్పారు. ఆయన పిలవకపోయినా నేనే వెళ్ళి రంగుల పళ్ళెం పట్టుకున్నాను. బొమ్మ ముందు ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఒకావిడ ఆరేడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి ఆగింది. బొమ్మను తదేకంగా చూసింది. వంగి ఇత్తడి బోర్డు మీద పేరు పైకే చదివింది.

"ఎంత ప్రేమ ఉంటే ఇంత బాగా చేస్తారండీ! చూడమ్మా, ఆ కళ్ళు చూడు," అంది కూతురితో. తర్వాత బావ వైపు తిరిగి, "ఈయన మీకు తెలుసా? ఇక్కడే ఉంటారా? ఒక్కసారి కలిసి దండం పెట్టుకుందామని," అంది.

నేను బావ మొహంలోకి చూశాను. ఆయన తల ఎత్తలేదు.

"తెలుసమ్మా. పోయాడు," అన్నాడు.

"అయ్యో! ఎప్పుడు?"

"ఈ బొమ్మను పెట్టడానికి రెండ్రోజుల ముందు. శనివారం పొద్దున," అని, కుంచె రంగులో ముంచుకుని మళ్ళీ చెవి పూయడం మొదలుపెట్టాడు.